పంపు మార్చినా బండి ఆగుతోందంటే...

స్టార్టింగ్ ట్రబుల్: కార్ల కరెంటు కష్టాలపై పాఠకుల ప్రశ్నలకు రామంతాపూర్‌లోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది వనస్థలిపురం. నా దగ్గర 2013 మోడల్ పెట్రోల్ కారు ఉంది, చిన్నది. రోజూ ఖైరతాబాద్‌లో ఆఫీసుకు దాంట్లోనే వెళ్లి వస్తాను. మార్చి నుంచి ఒక తంటా మొదలైంది. పొద్దున వెళ్లేటప్పుడు ఏ గొడవా ఉండదు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో అరగంట గడిచాక, చాదర్‌ఘాట్ దాటాక ఎక్కడో ఒకచోట పికప్ తగ్గిపోయి, నాలుగు జర్కులిచ్చి ఆగిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగి కీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మా మెకానిక్ ట్యాంకులో పెట్రోల్ మోటార్ (ఇంజిన్‌కు పెట్రోల్ పంపే పంపు) పోయిందని కొత్తది వేశాడు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ అదే కథ. డూప్లికేట్ పడిందేమోనని ఈసారి కంపెనీ మోటారే వేయించాను. అదీ అంతే. స్కానర్ పెడితే కోడ్ ఏమీ రాలేదట. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మార్చాలి, ఇరవై వేల పైమాటే అంటున్నాడు. ఇంకో విషయం, చెప్పాలో వద్దో తెలియడం లేదు. నిరుడు వానాకాలంలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లలో ఇరుక్కుపోయాం. వెనక సీటు ముందు మ్యాట్లు తడిసి ముద్దయ్యాయి. తర్వాత ఎండబెట్టించాం. కారు ఆగిన ప్రతిసారీ వెనక నుంచి హారన్లు, నాకు టెన్షన్. ఈసీఎం మార్పించమంటారా?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: వద్దు చెల్లెమ్మా. నేను కింద చెప్పే కొలతలు తీసేదాకా ఈసీఎం మాటే ఎత్తొద్దని మీ మెకానిక్‌తో చెప్పండి. చెప్పాలో వద్దో అనుకుంటూ రాశారే, ఆ మలక్‌పేట నీళ్ల సంగతి! మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన మాట అదే.

మీరు తీయించేసిన రెండు మోటార్లలో రెండోది మాత్రం బాగానే ఉండి ఉంటుందని నా నమ్మకం. మొదటిది కూడా బాగున్నదే కావచ్చు. మరి మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు ఎందుకు బాగుంది అంటారా? మోటార్ తీయాలంటే దాని కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు, ఊడదీయాలి, కొత్తది పెట్టాక మళ్లీ గుచ్చాలి. అలా ఊడదీసి గుచ్చడంలో పిన్నుల మీద పేరుకున్న చిలుము కాస్త రాసుకుపోతుంది, కాంటాక్ట్ కొంచెం మెరుగవుతుంది. సీటు కింద వైరింగ్ కూడా కదులుతుంది. బాగుపడింది వైరు, పేరు మాత్రం కొత్త మోటార్‌కు వచ్చింది. నా షెడ్డుకు ఇలా రెండు మూడు మోటార్లు మార్చుకున్నాక వచ్చే బండ్లు తక్కువేమీ కాదు. పాత మోటార్‌ను విడిగా బ్యాటరీకి తగిలిస్తే చక్కగా తిరుగుతుంది.

ముందు ఈ మోటార్‌కు కరెంటు ఏ దారిలో వస్తుందో తెలుసుకోండి. బ్యాటరీ నుంచి ఒక ఫ్యూజు, చాలా కార్లలో 15 ఆంపియర్లది. అక్కడి నుంచి రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. రిలే నుంచి ఒక వైరు డోర్ల కింద గుమ్మం వెంట, కార్పెట్ అడుగున వెనక సీటు దాకా వెళ్లి, ట్యాంకు మీది కప్లర్‌లో దిగుతుంది. మోటార్‌లోంచి బయటికొచ్చిన నల్ల వైరు ఎక్కడో ఒక బోల్టు దగ్గర బాడీకి ఎర్త్ అవుతుంది. రిలేను లాగేది ఈసీఎం. కీ ఆన్ చేయగానే అది రెండు మూడు సెకన్లు మోటార్‌ను తిప్పి, పైపుల్లో ప్రెషర్ నింపి ఆపేస్తుంది. తర్వాత సెల్ఫ్ కొట్టి ఇంజిన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సర్ నుంచి సిగ్నల్ అందితేనే మళ్లీ రిలేను పట్టుకుంటుంది. అందుకే కీ ఆన్ చేస్తే మోటార్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోయిందని కంగారు పడొద్దు. అది ఉండాల్సిన తీరే.

ఈసారి బండి ఆగినప్పుడు మీరే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ముందు హజార్డ్ లైట్లు వేసి, వీలైతే పక్కకు తోయించండి. ఊరికే సెల్ఫ్ కొడుతూ బ్యాటరీని దించేయకండి. ఏసీ, పాటలు ఆపేసి, కీ ఒకసారి పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేయండి. పక్కన ఎవరైనా ఉంటే వెనక సీటు మీదికి వంగి వినమనండి. రెండు సెకన్ల పాటు ‘జుయ్’మని వినపడాలి. ఆ చప్పుడు మామూలుగానే వచ్చి, బండి మాత్రం స్టార్ట్ కాలేదంటే మోటార్‌నూ దాని వైరింగ్‌నూ కాసేపు పక్కన పెట్టి క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. వేడెక్కితే మొరాయించి, చల్లారితే పనిచేసే గుణం ఆ సెన్సర్‌కూ ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్పీఎం ముల్లు కొంచెం కూడా లేవకపోతే ఆ అనుమానం గట్టిపడుతుంది. చప్పుడు అసలే రాకపోయినా, నీరసంగా ఏడ్చినట్టు వచ్చినా, దోషం మోటార్ దారిలో ఉంది.

మీ కారు విషయంలో నేను రెండో వైపే మొగ్గుతున్నాను. కారణం మీరే రాశారు: పికప్ తగ్గి, జర్కులిచ్చి, అప్పుడు ఆగుతోంది. క్రాంక్ సెన్సర్ పోతే మామూలుగా కీ తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. పెట్రోల్ ప్రెషర్ మెల్లగా పడిపోతేనే ఇలా గునుస్తుంది. స్కానర్‌లో కోడ్ రాలేదంటే అంతా బాగున్నట్టు కూడా కాదు. ఈ తరం చిన్న కార్లలో చాలావాటికి రిలే కాయిల్ సంగతి తప్ప, అవతల మోటార్ దాకా ఎన్ని వోల్టులు చేరుతున్నాయో తెలుసుకునే ఏర్పాటే లేదు. స్కానర్ మంచి పనిముట్టే. కానీ దాన్ని తగిలించి, తెర మీద ఏమీ రాకపోతే ‘ఈసీఎం’ అనేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక కొలతలు. మీ మెకానిక్ ‘మీటర్ పెట్టి చూశానమ్మా, మోటార్ కప్లర్ దగ్గర 12 వోల్టులు వస్తోంది’ అని చెప్పి ఉంటాడు. అబద్ధం చెప్పలేదు. ఊడదీసిన కప్లర్‌లో మీటర్ పెడితే 12 చూపిస్తుంది. వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది, ఎందుకంటే డిజిటల్ మీటర్ తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. మోటార్‌కు నాలుగైదు ఆంపియర్లు కావాలి. పైపు సగం పూడిపోయిన నల్లాను చూడండి, మూసి ఉన్నంతసేపూ ప్రెషర్ నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది, తిప్పితే సన్నటి ధార. ఇక్కడా అంతే. కరెంటు లాగుతుండగా కొలిస్తేనే ఆ కొలతకు అర్థం.

నాకు అఫ్జల్‌గంజ్‌లో పని నేర్పిన ఉస్తాద్ మీటర్ కన్నా బల్బును ఎక్కువ నమ్మేవారు. హెడ్‌లైట్ నుంచి తీసిన పాత హెచ్4 బల్బు ఒకటి, దానికి రెండు పొడుగాటి వైర్లు, అదే ఆయన స్కానర్. ఒక ఫిలమెంట్ మాడిపోయి రెండోది మిగిలిన బల్బు ఈ పనికి సరిపోతుంది. 55 వాట్ల ఫిలమెంట్ 12 వోల్టుల మీద దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, అంటే మీ పెట్రోల్ మోటార్ లాగేంత. కీ ఆఫ్‌లో ఉంచి మోటార్ కప్లర్ విప్పి, వైరింగ్ వైపు సగంలో ఈ బల్బు తగిలించమనండి. తగిలించాకే కరెంటు ఇవ్వాలి, బల్బు డోరు బయట ఉండాలి, అద్దాలన్నీ దించి ఉండాలి. పెట్రోల్ ఆవిరి ఉన్నచోట వైరు తాకించి నిప్పురవ్వ చూసే మొనగాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి వాళ్లను ట్యాంకు దగ్గరికి రానీయకండి. హెచ్4 బల్బు చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

కీ ఆన్ చేస్తే బల్బు రెండు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. తీరిగ్గా కొలవాలంటే రిలే ఊడదీసి, దాని సాకెట్‌లో 30, 87 కాళ్లు పడే రంధ్రాలను 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరుతో కలపాలి. ఆ నంబర్లు చాలా రిలేల అడుగునే రాసి ఉంటాయి. లేకపోతే వైరింగ్ డయాగ్రమ్ చూసుకోవాలి, ఊహించి కలిపితే ఈసీఎం నిజంగానే పోవచ్చు. ఇప్పుడు బల్బు వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ మీద 12.6 ఉన్నప్పుడు బల్బు కాళ్ల దగ్గర 12కు అటూ ఇటూ వస్తే వైరింగ్ బాగున్నట్టు. 10 వచ్చిందనుకోండి, దారిలో ఎక్కడో రెండున్నర వోల్టులు మింగేస్తున్న చోటు ఉంది.

ఎక్కడో పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. బల్బు వెలుగుతుండగానే మీటర్ ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీద, నల్లది బల్బుకు వచ్చే ప్లస్ మీద పెట్టాలి. అర వోల్టు దాటితే ప్లస్ దారిలో జబ్బు. తర్వాత బల్బు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలవాలి. అక్కడ 0.2 దాటిందంటే ఎర్త్ సరిగా లేదు. ఎర్త్ వైపు కొలిచే మెకానిక్‌లు తక్కువ. అందరూ ప్లస్ వెంట పడతారు. జబ్బు ఏ వైపో తెలిశాక ఒక్కో కప్లర్‌కు ముందొకసారి, వెనకొకసారి కొలుచుకుంటూ పోతే చోటు దొరికిపోతుంది. కొలవడానికి వైరు తోలు మీద సూది గుచ్చొద్దు, ఆ రంధ్రంలోంచి తేమ దిగి వచ్చే ఏడాదికి అక్కడే చిలుము పడుతుంది. కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చాలి.

నా అనుమానం ఎక్కడంటే, మీ కారు కార్పెట్ అడుగున. మ్యాట్లు ఎండబెట్టించారు, మంచిదే. కానీ కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, అది నీళ్లు పీల్చుకుంటే మ్యాట్ ఎండినా అది ఎండదు. గుమ్మం వెంట వెళ్లే వైరింగ్, దాని కప్లర్, ఎర్త్ బోల్టు అన్నీ ఆ తేమలోనే నెలల తరబడి ఉన్నాయి. వానాకాలంలో తడిస్తే మార్చిలో ఎందుకు మొదలైందని మీకు సందేహం రావచ్చు. తుప్పు పట్టిన కాంటాక్ట్‌లో అర ఓమ్ నిరోధం ఉందనుకుందాం. 5 ఆంపియర్లు దాంట్లోంచి పోతే రెండున్నర వోల్టులు అక్కడే పోతాయి, పన్నెండున్నర వాట్ల వేడి ఆ చిన్న పిన్ను దగ్గరే పుడుతుంది. ఆ వేడికి పిన్ను బిగువు సడలుతుంది, బిగువు సడిలితే నిరోధం ఇంకా పెరుగుతుంది. చలికాలంలో ఎలాగోలా నెట్టుకొచ్చింది. హైదరాబాద్ ఎండలు ముదిరేసరికి, సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డ బండిలో, దాని ఓపిక అయిపోయింది. అరగంట ఆగితే పిన్ను చల్లారి మళ్లీ అతుక్కుంటుంది. మోటార్‌కు 9, 10 వోల్టులే అందితే అది మెల్లగా తిరుగుతుంది, పెట్రోల్ పైపుల్లో ప్రెషర్ పడిపోతుంది. మీరు చెప్పిన జర్కులు అవే.

వెనక సీటు లేపించి, గుమ్మం పట్టీలు విప్పించి, కార్పెట్ ఎత్తి చూడమనండి. కప్లర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కరిగి వంకరపోయినా, పిన్నుల మీద పచ్చగా చిలుము ఉన్నా ఇంకేం వెతకక్కర్లేదు. ట్యాంకు మీది కప్లర్ కూడా చూడాలి. రెండు మోటార్లు మారాయి, కప్లర్ పాతదే ఉండి ఉంటుంది. దాన్ని గీకి, స్ప్రే కొట్టి తిరిగి పెట్టడం నాకు ఇష్టం లేదు. కొత్త పిన్నులు, కొత్త కప్లర్, అదే మందం వైరు, సరిగ్గా క్రింప్ చేసి (పిన్నును వైరు మీద నొక్కి బిగించి) పైన హీట్ ష్రింక్ ట్యూబు, అంటే వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం. వైర్లు మెలేసి టేపు చుడితే ఒప్పుకోకండి. ఎర్త్ బోల్టు కింద రంగు, తుప్పు పోయి రేకు మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాయాలి. ఫోమ్ ఇంకా తడిగా ఉంటే దాన్ని బయట పడేసి ఆరబెట్టకుండా ఇవన్నీ చేసినా దండగే.

వైరింగ్‌లో వోల్టులు ఎక్కడా పడకపోతే అప్పుడు రిలే. అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడొచ్చు, ఖర్చు లేదు. టిక్కుమంటోంది కదా బాగుందని మోసపోవద్దు, లోపల కాంటాక్టులు మాడినా టిక్కుమంటుంది. వేడికి పోయే రిలేను పట్టుకోవాలంటే హెయిర్ డ్రయ్యర్ దాని మీద కాసేపు తిప్పి చూస్తే చాలు. కొత్తది వందల్లో వస్తుంది, రాణిగంజ్‌లో దొరుకుతుంది. మీటర్ కొనుక్కుంటానంటే కోఠీ గుజరాతీ గల్లీలో అయిదొందల లోపే మంచిది దొరుకుతుంది. ఇంట్లో ఒకటి ఉండాలని నేను అందరికీ చెబుతుంటాను.

కొలతలు కాగితం మీద రాయించుకుని నాకు పంపండి. ప్లస్ వైపు ఎంత, ఎర్త్ వైపు ఎంత, బండి వేడిగా ఉన్నప్పుడు ఎంత. అవి చూశాక కూడా ఈసీఎం అనిపిస్తే అప్పుడు నేనే మార్పించుకోమంటాను.

ప్రశ్న: గురూగారూ, నేను ఉప్పల్‌లో క్యాబ్ నడుపుతాను. పెట్రోల్ పంపు రిలే దగ్గర సాకెట్ మాడిపోయింది. ఎలక్ట్రీషియన్ బ్యాటరీ నుంచి డైరెక్ట్ వైరు లాగి, డ్యాష్‌బోర్డు కింద స్విచ్ పెట్టాడు. 15 ఫ్యూజు ఊరికే పోతోందని 30 వేశాడు. రెండు నెలలుగా బండి బ్రహ్మాండంగా ఉంది. ఇలాగే ఉంచేయవచ్చా?
– ఒక క్యాబ్ డ్రైవర్, ఉప్పల్

జవాబు: ఈ రోజే తీయించెయ్ తమ్ముడూ. ఇంజిన్ ఆగిన మరుక్షణం మోటార్ ఆగిపోవాలని కంపెనీవాళ్లు ఈసీఎం చేతికి పగ్గాలిచ్చారు. యాక్సిడెంట్ జరిగి పైపు తెగిందనుకో, మామూలు బండిలో ఇంజిన్ ఆగగానే క్రాంక్ సిగ్నల్ పోయి రిలే పడిపోతుంది. నీ బండిలో ఎవరైనా వచ్చి ఆ స్విచ్ ఆపేదాకా, మూడు బార్లకు పైగా ప్రెషర్‌తో పెట్రోల్ వేడి ఇంజిన్ మీద చిమ్ముతూనే ఉంటుంది. వెనక సీట్లో నీ ప్యాసింజర్ ఉంటాడు. డోరు ఇరుక్కుపోయి ఉండొచ్చు.

పైగా 15 ఫ్యూజు ఊరికే పోదు. మోటార్ బిగుసుకుపోయి ఎక్కువ లాగుతోందో, వైరు ఎక్కడైనా రేకుకు రాసుకుంటోందో. 30 వేస్తే ఇక ఫ్యూజు పోవడం మానేసి వైరు కాలుతుంది. సాకెట్ మాడింది కూడా అదే కారణానికేమో చూడాలి. మోటార్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో క్లాంప్ మీటర్‌తో కొలిపించు. ఏడెనిమిది దాటితే మోటార్ అవసాన దశలో ఉన్నట్టే. కొత్త సాకెట్, కొత్త రిలే, 15 ఫ్యూజు, పాత దారిలోనే వైరింగ్. ఒక్క రోజు బండి తిరగకపోతే నష్టమని నాకూ తెలుసు, అయినా చేయించు.

ప్రశ్న: మా కారుకు సీఎన్జీ కిట్ ఉంది. పెట్రోల్ పొద్దున స్టార్ట్ చేయడానికి మాత్రమే వాడతాం, ట్యాంకులో ఎప్పుడూ రిజర్వులోనే ఉంటుంది. పెట్రోల్ పంపు పోయింది. వాడని పంపు ఎలా పోతుంది?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వాడటం లేదని మీరు అనుకుంటున్నారు. కొన్ని కిట్లలో బండి గ్యాస్ మీద నడుస్తున్నా పెట్రోల్ మోటార్ తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ ఇంజెక్టర్లు మాత్రమే ఆగుతాయి. ఆ మోటార్‌ను చల్లబరిచేది చుట్టూ, లోపల ఉన్న పెట్రోలే. రిజర్వులో రోజంతా తిరిగితే వేడెక్కి పోతుంది. పావు ట్యాంకుకు తగ్గనివ్వకండి. గ్యాస్ మీదికి మారగానే పంపు ఆగే రిలే మీ కిట్‌కు ఉందో లేదో ఫిట్టర్‌ను అడగండి. గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు వెనక సీటు దగ్గర చెవి పెట్టినా తెలిసిపోతుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడితే ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి. కలరా ఉండలు వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: సరిపోదమ్మా. ఇంజిన్ గదిలో గాలి తిరిగేసరికి ఆ వాసన నిలవదు. కదలకుండా వారాల తరబడి పడి ఉండే బండిని ఎలుక ఎక్కువగా ఎంచుకుంటుంది, కాబట్టి రెండు రోజులకోసారైనా బండి తీయండి. చెత్త డబ్బాలకు దూరంగా పార్క్ చేయండి. రాత్రిపూట బానెట్ ఎత్తి ఉంచడం కొందరికి పనిచేసింది, వెలుతురు పడేచోట ఎలుక గూడు కట్టదు. ఇప్పటికే కొరికి ఉంటే మాత్రం బయటికి కనిపించే వైరు ఒక్కటే అతికించి వదిలేయకుండా, ఆ కట్ట మొత్తం పైతొడుగు విప్పించి చూడండి.